డ్రా అని ఎవరన్నారు?

మన చెస్ టోర్నమెంట్లలో ఎవరినైనా చులకన చేయాలంటే ఒక్క మాట చాలు: "డ్రా ఆటని లాగుతున్నాడు." హాల్లో సగానికి పైగా బల్లలు ఖాళీ అయిపోయి ఉంటాయి. ఓ మూల ఒకవైపు ఏనుగూ బంటూ, రెండోవైపు ఒంటరి ఏనుగు. బంటు ఉన్నవాడు ఇంకా ఆడుతూనే ఉంటాడు. వరండాలో పిల్లల కోసం కూర్చున్న అమ్మానాన్నలు, తర్వాతి రౌండు పెయిరింగ్స్ (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) వచ్చాయేమోనని ఫోన్లు తడుముకునే కుర్రాళ్ళు, ఆకలి మీదున్న ఆర్బిటర్లు (ఆట తీర్పరులు)... అందరిదీ ఒకటే గొణుగుడు. చెయ్యి కలిపేసి లేవొచ్చు కదా?

లేవక్కర్లేదు అంటాను నేను. 1400 నుంచి 1800 లోపు రేటింగుతో (ఆట బలాన్ని చూపే అంకెతో) తిరిగే మనలాంటివాళ్ళకు "డ్రా పొజిషన్" అనేది చాలామటుకు పుస్తకంలోనే ఉంటుంది. బల్ల మీద ఉండేది ఇంకా ఫలితం తేలని ఆట. దాన్ని డ్రాగా నిలబెట్టాల్సిన పని కాచుకునేవాడిది. ఒక్కో ఎత్తు వేసి చూపించాలి. చూపించమని అడిగే హక్కు ఎదుటివాడికి ఉంది. అందులో అమర్యాద ఏముందో నాకు ఎన్నాళ్ళయినా అర్థం కాలేదు.

ఈ మధ్య ఒక వీకెండ్ టోర్నమెంట్లో ఆడిన ఆట చెబుతాను. ఫంక్షన్ హాల్, ప్లాస్టిక్ పావులు, చుట్టి తెచ్చుకునే వినైల్ బోర్డులు, ఎవరి గడియారం వాళ్ళే తెచ్చుకోవాలి. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం (ఇంక్రిమెంట్). నావి తెల్లపావులు. ఎదురుగా కూర్చున్నది రిటైరైన పెద్దాయన. ఇద్దరి రేటింగులూ దగ్గరదగ్గరే. ఓపెనింగ్ గురించి చెప్పడానికేమీ లేదు, ఎవరికి తెలిసింది వాళ్ళు ఆడాం. మంత్రులు తొందరగానే ఒకదానికొకటి చచ్చి మారిపోయాయి. మధ్య ఆటలో ఆయన గుర్రం ఒకటి పక్కకి వెళ్ళి తిరిగి రావడానికి ఇబ్బందిపడింది, ఆ సందులో నాకో బంటు దొరికింది. తర్వాత చిన్న పావులన్నీ (గుర్రాలు, శకట్లు) మారిపోయి చెరో ఏనుగు మిగిలాయి. బంట్లన్నీ రాజు వైపే, నాకు నాలుగు, ఆయనకు మూడు. ఏనుగుల ఆట తెలిసినవాళ్ళు ఇక్కడే పెదవి విరుస్తారు. బంట్లన్నీ ఒకేవైపు ఉంటే నాలుగు-మూడు మామూలుగా డ్రా అని చదువుకున్నాం కదా.

మొదటి డ్రా ఆఫర్ అక్కడే వచ్చింది. "ఆడదాం సార్" అన్నాను. ఆయన తలూపారు.

బంట్లు ఒకటొకటిగా మారుతూ వచ్చాయి. చివరికి నాకు ఇ-బంటు ఒక్కటే మిగిలింది, ఆయనకు ఒక్కటీ లేదు. (గళ్ళ పేర్లు తెలియనివాళ్ళకు: నిలువు వరుసలు ఎ నుంచి హెచ్ దాకా, అడ్డవరుసలు తెల్లవైపు నుంచి 1 నుంచి 8 దాకా.) నేను దాన్ని ఇ5 దాకా తోశాను. నా రాజు డి5లో, ఏనుగు ఎ7లో. ఆయన రాజు ఇ8లో, సరిగ్గా బంటుకు అడ్డంగా. ఏనుగు బి6లో. చదువుకున్నవాళ్ళకు ఈ బొమ్మ చూడగానే పేరు గుర్తొస్తుంది. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఓపెరాలకు సంగీతం కడుతూ, యూరప్‌లో ఎదురులేని చెస్ ఆటగాడిగా వెలిగిన ఫిలిడోర్ చూపించిన రక్షణ ఇది. పద్ధతి చాలా తేలిక. నల్ల ఏనుగు ఆరో అడ్డవరుసను కాపలా కాస్తూ అటూ ఇటూ జరుగుతుంటే తెల్లరాజు ముందుకు రాలేడు. విసుగెత్తి తెల్లవాడు బంటును ఇ6కి తోశాడంటే, అప్పుడు ఏనుగు కిందికి, మొదటి వరుసకి దిగిపోయి వెనకనుంచి చెక్‌లు మొదలుపెడుతుంది. రాజు దాక్కోవాల్సిన ఇ6 గడిలో సొంత బంటే కూర్చుని ఉంటుంది కాబట్టి తలదాచుకునే చోటుండదు. డ్రా.

పెద్దాయనకు ఇది తెలుసు. ముప్పైకి పైగా ఎత్తులు నిక్షేపంలా కాచారు. నేను ఏనుగును ఎ7 నుంచి హెచ్7కి తీసుకెళ్ళాను, జి7కి తెచ్చాను, మళ్ళీ ఎ7కి. రాజును వెనక్కి తెచ్చి ఎఫ్ వైపు నుంచి ప్రయత్నించాను. ఆయన ఏనుగు ఆరో వరుస దాటలేదు. ఈలోపు ఇంకో డ్రా ఆఫర్, కాసేపటికి మరొకటి. చుట్టూ జనం మూగారు. ఒకాయన గట్టిగానే నిట్టూర్చాడు.

అప్పుడు ఆయన ఏనుగును బి1కి దించారు.

ఎందుకు దించారో తర్వాత ఆయన్నే అడిగాను. "ఎంతసేపని ఆ వరుసలో అటూ ఇటూ తిప్పుతాం బాబూ, వెనకనుంచి చెక్‌లు ఇవ్వాలిగా చివరికి" అన్నారు. చెక్‌లు ఇవ్వాలన్న మాట నిజమే. కానీ అది బంటు ఇ6కి వచ్చాక చేయాల్సిన పని. ఫిలిడోర్ రక్షణలో సగం పద్ధతి, సగం ఓపిక. పద్ధతి ఆయనకు నోటికొచ్చు. ఓపిక ఐదో గంటలో అయిపోయింది.

నేను రాజును డి6కి వేశాను. ఆయన ఏనుగును ఇ1కి, బంటు వెనక్కి తెచ్చారు. నేను రాజును ఇ6కి జరిపాను. ఇప్పుడు ఎ8లో చెక్ ఇస్తే ఆటకట్టు. ఆయన రాజు కదలక తప్పదు. వెళ్ళడానికి రెండే గళ్ళున్నాయి: డి8, ఎఫ్8.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంజిన్‌ను (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను) అడిగితే ఈ స్థితి కూడా 0.00, సరిసమానం. అంటే ఏనుగును తొందరపడి దించినా ఆట ఇంకా పోలేదు. రెండు గళ్ళలో ఒకటి డ్రా, ఒకటి ఓటమి. చూడటానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అద్దంలో బొమ్మల్లాంటి గళ్ళు.

గడియారంలో ఆయనకు అర నిమిషం పైచిలుకు ఉంది. చెయ్యి రాజు మీద పడింది, ఎఫ్8 దాకా వెళ్ళింది, గాల్లోనే ఆగింది, తిరిగొచ్చి డి8లో పెట్టింది.

ఆ చేతిని నేను తప్పు పట్టను. క్లబ్ ఆటగాడు ఎవరైనా అదే చేస్తాడు. డి8 వైపు నాలుగు నిలువు వరుసలున్నాయి, ఎఫ్8 వైపు మూడే. రాజు ప్రమాదంలో ఉన్నప్పుడు చోటు ఎక్కువున్న వైపుకు పరిగెత్తాలనే అనిపిస్తుంది. ఇక్కడ లెక్క అచ్చంగా తలకిందులు. ఎక్కువ చోటు కావాల్సింది రాజుకు కాదు, ఏనుగుకు. పక్కనుంచి చెక్‌లు ఇవ్వాలంటే ఏనుగుకూ తెల్లరాజుకూ మధ్య దూరం ఉండాలి. అందుకని రాజు ఇరుకు వైపు సర్దుకుని, వెడల్పు వైపు ఏనుగుకు వదిలేయాలి. ఎఫ్8కి వెళ్ళి ఉంటే, నేను ఎ8లో చెక్ ఇచ్చినా ఆయన జి7కి వెళ్ళేవారు. నేను ఏనుగును ఇ8లో పెట్టి బంటును నడిపిద్దామనుకుంటే ఆయన ఏనుగు ఎ1కి వెళ్ళి పక్కనుంచి చెక్‌లు మొదలుపెట్టేది. ఎక్కడికక్కడ ఆగిపోయేది నా ఆట.

డి8కి వెళ్ళారు కాబట్టి ఎ8లో చెక్, రాజు సి7కి, నా ఏనుగు ఇ8లో బంటు ముందు నిలబడింది. ఇప్పుడు ఆయన రాజే ఆయన ఏనుగుకు కావాల్సిన చోటును ఆక్రమించుకుని కూర్చుంది. తర్వాతిదంతా అందరికీ తెలిసిన దారే. నా రాజు ఎఫ్7 మీదుగా బయటికొచ్చింది, బంటు ఏడో వరుసకు చేరింది, ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి చెక్‌లకు అడ్డం పెట్టే లుసేనా పద్ధతితో పని ముగిసింది. (15వ శతాబ్దపు స్పెయిన్ ఆటగాడు లుసేనా పేరుతో చెలామణి అవుతున్న ఈ స్థితి 1497లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో అసలు లేదు. పేర్లు పెట్టడంలో చెస్‌వాళ్ళంత అజాగ్రత్త మనుషులు ఇంకెవరూ ఉండరేమో.)

పెద్దాయన స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద సంతకం పెట్టి చెయ్యి కలిపారు. గొడవంతా బయట.

వరండాలో ఒక తండ్రి అన్నారు: "పెద్దాయన కదండీ, ఇచ్చేయొచ్చుగా. అంతసేపు కూర్చోబెట్టాలా?" ఆయన మాటలో దురుద్దేశం లేదు. కానీ ఆ జాలిని ఆ పెద్దాయన అడిగారా? ఎంట్రీ ఫీజు కట్టి, బస్సెక్కి, పొద్దున్నే వచ్చి కూర్చున్న మనిషి ఆట ఆడటానికొచ్చాడు. వయసు చూసి డ్రాకు దక్కే అర పాయింటు చేతిలో పెడితే, "మీరెలాగూ గెలవలేరు లెండి" అన్నట్టే. ఒంట్లో బాగోలేదంటే అది వేరే సంగతి, అప్పుడు ఆర్బిటర్‌ను పిలవాలి. ఆయన నిక్షేపంగా ఉన్నారు, నాకంటే ఎక్కువ టీలు తాగారు.

ఇంకో కుర్రాడు అప్పటికే ఫోన్లో ఆట మొత్తం ఎక్కించేశాడు. "అంకుల్, ఇదిగో చూడండి, నలభయ్యో ఎత్తు నుంచీ 0.00 ఉంది. మీరు గెలవాల్సిన ఆటే కాదు ఇది." వాడి గొంతులో నేనేదో దొంగసొత్తు పట్టుకుపోతున్నానన్న ధ్వని. నాకు అసలు కోపం తెప్పించేది ఈ సున్నాయే. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పావులు ఏడు, అంతకంటే తక్కువ మిగిలిన ప్రతి స్థితికీ, రాజులను కలుపుకునే, కంప్యూటర్లు తుది ఫలితం లెక్కగట్టి పట్టికల్లో పెట్టేశాయి. మా ఆటలో మిగిలినవి ఐదే. కాబట్టి ఆ 0.00 అంచనా కూడా కాదు, తిరుగులేని సత్యం. ఇద్దరూ ఒక్క తప్పూ చేయకుండా ఆడితే డ్రా. ఆ "ఆడితే" దగ్గరే అంతా ఉంది. పట్టికకు అలసట లేదు, నడుంనొప్పి లేదు, వెనక నిట్టూర్చేవాళ్ళు లేరు. రెండు గళ్ళలో ఏది సరైనదో దానికి ముందే తెలుసు. ఒక స్థితిలో పది ఎత్తులుండి తొమ్మిది డ్రా చేస్తే 0.00. పదింట్లో ఒక్కటే డ్రా చేసి తొమ్మిది ఓడిపోయేవైనా 0.00. ఆ అంకె రెండింటికీ ఒకటే, కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం నడవడానికి రోడ్డుకూ తాడుకూ ఉన్నంత తేడా. క్లబ్ ఆటను ఇంజిన్ అంకెతో చదివే అలవాటు మన పిల్లలకు ఫోన్లతో పాటే వచ్చింది. ఎవడు ఎంత కష్టమైన ప్రశ్న వేశాడు, ఎదుటివాడు ఎంతసేపు తట్టుకున్నాడు అన్నది ఆ అంకెలో కనిపించదు. ఆటంటే అదే కదా అసలు.

మన స్థాయి సంగతి వదిలేయండి. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట. స్కోరు సమానం. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌కు నల్లపావులు, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌కు తెల్లవి. చెరో ఏనుగు, చెరో శకటు, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, బంట్లన్నీ ఒకేవైపు. డ్రా అవుతుందని, మర్నాడు టైబ్రేక్‌లని (విజేతను తేల్చే వేగపు ఆటలని) అందరూ లెక్కలు వేసుకుంటున్నారు. గుకేశ్ ఆఫర్ చేయలేదు, ఆడుతూ పోయాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు మారాయి. మూలన ఎ8లో ఇరుక్కున్న ఆయన శకటు కూడా తప్పించుకోలేక మారిపోయింది. మిగిలిన బంట్ల ఆటలో నల్ల గెలుపు ఖాయం. మరి మూడు ఎత్తుల్లో ఆట అయిపోయింది, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతి చిన్న వయసులో ఆ కిరీటం అందుకున్నవాడు అతనే. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ పండగ చేసుకున్నాయి. "డ్రా ఆటని లాగాడు" అని గుకేశ్‌ను తిట్టినవాడు మా గ్రూపులో ఒక్కడూ లేడు. మర్నాటి నుంచి యథాప్రకారం.

అంతకు మూడేళ్ళ ముందు దుబాయ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం అప్పటి ఛాంపియన్ కార్ల్‌సన్, సవాలు చేసిన నెపోమ్నియాషీ (నెపో) ఆడిన ఆరో ఆట ఇంకా పెద్ద ఉదాహరణ. 136 ఎత్తులు, ఏడు గంటల ముప్పావు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో అంత పొడుగాట లేదు. చివర్లో కార్ల్‌సన్ దగ్గర ఏనుగు, గుర్రం, రెండు బంట్లు. నెపో దగ్గర మంత్రి ఒక్కటే. పట్టికల ప్రకారం చాలాసేపు అది డ్రానే. ఎక్కడ నిలబడితే డ్రాయో ఆ గడి నుంచి మంత్రిని పక్కకు జరిపేదాకా డ్రా. ఆ ఆట పోయాక నెపో మరి కోలుకోలేదు, తర్వాత మూడు ఆటలు ఓడిపోయాడు. లాగడం అంటే ఒక్క అర పాయింటు కోసం పడే కక్కుర్తి అనుకునేవాళ్ళు ఈ మ్యాచ్ స్కోర్‌కార్డు చూడాలి.

నిబంధనల్లో ఏముందో కూడా చూద్దాం. ఎదుటివాడి ధ్యాస చెదరగొట్టకూడదని, విసిగించకూడదని ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమావళిలో 11.5 చెబుతుంది. విసిగించడం కిందికి ఏమేం వస్తాయో ఉదాహరణలు కూడా ఇస్తుంది. వాటిలో ఒకటి అర్థంపర్థం లేకుండా డ్రా ఆఫర్లు చేయడం. డ్రాగా కనిపించే ఆటను కొనసాగించడం ఆ జాబితాలో ఎక్కడా లేదు. మా ఆటలో నిబంధన గీతకు దగ్గరగా వెళ్ళింది ఎవరంటే, ఆఫర్ల మీద ఆఫర్లు పెట్టిన పెద్దాయనే. నేను ఆర్బిటర్‌కు ఫిర్యాదు చేయలేదు, చేయాలనీ అనిపించలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళ దృష్టిలో నేను మొండివాణ్ణి, ఆయన బాధితుడు.

అంతకంటే ముఖ్యంగా, కాచుకునేవాడికి చట్టమే రెండు గొడుగులు ఇచ్చింది. ఒకే స్థితి మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు వేసేస్తే డ్రా అడగొచ్చు. తాను వేయబోయే ఎత్తుతో ఆ లెక్క నిండుతుందంటే, ఆ ఎత్తు వేయకముందే స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను పిలవాలి. 30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉన్న ఆటలో చివరిదాకా ఎత్తులు రాయక తప్పదు కాబట్టి సాక్ష్యం చేతిలోనే ఉంటుంది. పోనీ ఎవరూ అడగకపోయినా, ఒకే స్థితి ఐదుసార్లు వచ్చినా, చెరో 75 ఎత్తులు అలా గడిచినా ఆట దానంతటదే డ్రా. అనంతంగా లాగడం చెస్‌లో కుదరనే కుదరదు. నేను బంటును ఇ5కి తోసినప్పుడు లెక్క మళ్ళీ మొదలైంది, ఇంకో పాతిక లోపు ఎత్తులు ఓపిక పట్టి ఉంటే నేనేం చేయగలిగేవాణ్ణి? చేతులు కట్టుకుని సంతకం పెట్టేవాణ్ణి.

ఇంత చట్టం కాపలా ఉన్నా మన దగ్గర కోచింగులో ఈ 50 ఎత్తుల లెక్క అడగడం ఎలాగో నేర్పేవాళ్ళు ఎంతమంది? ఎనిమిదేళ్ళ పిల్లలకు నాలుగు ఎత్తుల్లో మేట్, ఆరు ఎత్తుల్లో మంత్రిని కొట్టేసే ఉచ్చులు నేర్పుతున్నారు. తల్లిదండ్రులకు ఫలితం త్వరగా కనిపిస్తుంది, నేర్పేవాడికి ఫీజు వస్తుంది. ఫిలిడోర్‌ను ఒక ఆదివారం బోర్డు మీద చూపించి వదిలేస్తారు. దాన్ని ఐదో గంటలో, ఆకలితో, వెనక జనం నిలబడి ఉండగా కాచి చూపించమని ఎవరు పరీక్ష పెడతారు? ఎవరైనా లాగితేనే కదా పరీక్ష. గుడివాడ నుంచి హంపి, గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక లాంటివాళ్ళు వచ్చిన నేల మనది. వాళ్ళ ఆటల్లో నేను చూసి ముచ్చటపడేది ఓపెనింగ్ తెలివికన్నా, ఏమీ లేనట్టు కనిపించే చోట గంటలు గంటలు కూర్చోగల ఆ కుదురు. హరికృష్ణ ఎండ్‌గేమ్‌లు వరసపెట్టి చూడండి, నేను చెప్పేదేమిటో తెలుస్తుంది.

రేటింగు లెక్క కూడా ఒక మాట. ఒక ఆటతో రేటింగు ఎంత మారాలో తేల్చే కె అనే గుణకం పెద్దవాళ్ళలో చాలామందికి 20. అంటే ఒక ఆటలో డ్రాకూ గెలుపుకూ తేడా, ఎదుటివాడి రేటింగ్ ఎంతైనా, సరిగ్గా 10 పాయింట్లు. కొత్తగా రేటింగ్ వచ్చినవాళ్ళకి, మన జూనియర్లలో దాదాపు అందరికీ కె 40. వాళ్ళకి తేడా 20. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగుకు కింది హద్దు 1400 అయింది. 1600 లోపు టోర్నమెంట్లంటే ఇప్పుడు రేటెడ్ ఆటగాళ్ళంతా ఆ 200 పాయింట్ల సందులోనే ఇరుక్కుని ఉన్నారు. అంత ఇరుకులో పది పాయింట్లను ఎవరో విసుక్కున్నారని వదిలేసుకోమనడం విడ్డూరం.

ఇంతకీ నన్ను చిరాకు పెట్టేది వేరే ఉంది. తొంభై ఎత్తులు ఆడినవాణ్ణి మొండివాడంటారు. అదే హాల్లో చివరి రౌండులో ఒకే అకాడమీ కుర్రాళ్ళిద్దరు ఎదురుపడి, పన్నెండు ఎత్తులు వేసి, చెయ్యి కలిపేసి, ప్రైజ్‌మనీ పంచుకుంటే "తెలివైనవాళ్ళు" అంటారు. ఏది ఆటకు అవమానం? 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నమెంట్లో ఆటగాళ్ళు తమలో తాము డ్రా మాట్లాడుకోకూడదని నిబంధన పెట్టారు. అప్పటినుంచి దానికి సోఫియా నిబంధన అనే పేరు. ఇన్ని ఎత్తుల లోపు ఒప్పందపు డ్రాలు కుదరవని నిర్వాహకులు ముందే ప్రకటించే వెసులుబాటు ఇప్పుడు ఫిడే నియమావళిలోనే ఉంది. టోర్నమెంటు వివరాలు ప్రకటించే మన ప్రాస్పెక్టస్‌లలో ఆ ఒక్క లైను ఎంత అరుదో మీకూ తెలుసు. భోజన వసతి గురించి మాత్రం అరపేజీ ఉంటుంది.

లాగడానికి హద్దు లేదా అంటే, ఉంది. నేను పెట్టుకున్న కొలత ఒకటే: ఎదుటివాడికి జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇంకా మిగిలి ఉందా? ఏనుగు-బంటు మీద ఒంటరి ఏనుగు అంటే ప్రశ్నలే ప్రశ్నలు. ఏనుగు మీద ఏనుగు, బంట్లు లేకుండా, అంటే ఏమీ లేదు, లేవాలి. వేర్వేరు రంగు గళ్ళ శకట్లు, బంట్లన్నీ బిగుసుకుపోయి, రాజులకు దారి లేదంటే అదీ అంతే. ఇక ఇంక్రిమెంట్ లేని ఆటల్లో, ఎదుటివాడి గడియారంలో ఎనిమిది సెకన్లున్నాయని ఖాళీ ఏనుగును టకటకా తిప్పి ఫ్లాగ్ పడేలా (టైమ్ అయిపోయి ఓడేలా) చేయడం నాకు నచ్చదు. అక్కడ ప్రశ్న ఆట మీద లేదు, చేతివేగం మీద ఉంది. ఆన్‌లైన్ బుల్లెట్‌లో (నిమిషాల్లో తేలిపోయే ఆటల్లో) అది ఆటలో భాగం, సరే. బల్ల మీద క్లాసికల్ ఆటకు ఆ వాసన పట్టించకూడదు. ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు వస్తున్నప్పుడు మాత్రం ఆ అభ్యంతరం చెల్లదు. సరైన ఎత్తు తెలిసినవాడికి 30 సెకన్లు చాలు.

ఆట అయ్యాక పెద్దాయనా నేనూ పక్క గదిలో బోర్డు పెట్టుకుని కూర్చున్నాం. "మూడోసారి వద్దన్నప్పుడు నీ మీద కోపమొచ్చింది, అబద్ధమెందుకు" అన్నారు. తర్వాత ఆ ఇ6, ఇ8 స్థితిని మళ్ళీ పేర్చి, ఎఫ్8కి వెళ్ళి, "ఇప్పుడు గెలువు చూద్దాం" అన్నారు. నాకు తెలిసినవన్నీ వేశాను, గెలవలేకపోయాను. ఆయన మొహం వెలిగిపోయింది. బోర్డు తిప్పేసి, "ఇప్పుడు నువ్వు కాయి" అన్నారు. తర్వాతి రౌండు పిలుపు వచ్చేదాకా ఆయన లాగుతూనే ఉన్నారు, ఒక్కసారి కూడా డ్రా అనలేదు.

ఆ రౌండు ఆలస్యమైందనే కదా నా మీద చివరి నేరారోపణ. దానికీ లెక్క చెబుతాను. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు. 60 ఎత్తుల ఆట అంటే ఒక్కొక్కరికి రెండు గంటలు, ఇద్దరికీ కలిపి నాలుగు. వంద ఎత్తుల ఆట నాలుగు గంటల నలభై నిమిషాల దాకా పోవచ్చు. ఇదంతా ప్రాస్పెక్టస్ అచ్చువేసే రోజునే తెలుసు. పది గంటలకు ఒక రౌండు, రెండు గంటలకు ఇంకో రౌండు అని వేసి, మధ్యలో భోజనం కూడా పెట్టినవాళ్ళు ఆ కూడిక చేసుకోలేదు. తొందరుంటే 60 నిమిషాల ఆట ప్రకటించండి, హాయిగా వచ్చి ఆడతాం. మీ కూడిక తప్పును తెచ్చి నా ఏనుగు మీద పెట్టకండి.